నర్సింహారెడ్డి గారి వణుకు లేని ఇంజను

ఈ ఉదయం ఒక పాత కారు బానెట్టు ఎత్తగానే కమిలిన నూలు వాసన ముక్కుకి తగిలింది. తొలినాటి కార్లలో తీగలకి ఇప్పటిలా ప్లాస్టిక్ తొడుగు ఉండదు. రబ్బరు మీద నూలు అల్లి, ఆ పైన లక్క పూసేవారు. ఆ తీగ వేడెక్కితే వచ్చే వాసన వేరు. ఇస్త్రీ చేస్తూ పరధ్యానంలో పడి నూలు చీర మాడ్చినప్పుడు వస్తుందే, దానికి కాస్త దగ్గరగా ఉంటుంది. కారు తెచ్చినాయన ముఖం చిట్లించి వెనక్కి తగ్గాడు. నేను మాత్రం ఇంకాస్త వంగి ఇష్టంగా పీల్చాను. నాకది అత్వెల్లి వాసన. అత్వెల్లిలో, హైవేకి కాస్త లోపలగా, ఒకప్పటి ద్రాక్షతోట షెడ్డు వాసన. ఆ షెడ్డు యజమాని నర్సింహారెడ్డి గారు లేకపోతే ఇవాళ మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే రోడ్డు మీద నా పేరుతో బోర్డు ఉండేది కాదు. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసినా భూముల బేరానికొచ్చిన పెద్దమనిషి అనుకుని పక్కకి తప్పుకునేవారు. అందుకే ఆయన గురించి చెప్పాలనిపించింది.

మనిషి నిజంగానే అలా ఉండేవాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, కోపం వచ్చినా రాకపోయినా ఒకే స్థాయిలో ఉండే గొంతు. వాళ్లది అత్వెల్లిలో పెద్ద కమతం. ద్రాక్ష పండే రోజుల్లో తోటలు, తోటలు పోయాక ప్లాట్లు. తమ్ముళ్లు వెంచర్లు వేసి, ఎన్నికల్లో నిలబడి, ఫంక్షన్ హాళ్లు కట్టారు. ఈయన మాత్రం రోడ్డు పక్క ముక్క అమ్మిన డబ్బుతో ఒక లేత్ మిషను, దేశంలో ఎక్కడెక్కడో గోదాముల్లో మూలుగుతున్న రెండు మూడు పాత కార్లు కొన్నాడు. పండ్లు పెట్టెల్లో సర్దే షెడ్డునే కార్లు బాగుచేసే షెడ్డు చేశాడు. ఊళ్లో నవ్వారు. తుప్పు కొనుక్కునే పటేలు అని పేరు పెట్టారు. ఆయన ఎవరికీ జవాబు చెప్పేవాడు కాదు. ఒక్కసారి మాత్రం నా ముందే ఒక తమ్ముడితో అన్నాడు, "నువ్వు భూమిని ముక్కలు జేసి అమ్ముతవ్. నేను ముక్కలైనదాన్ని జమజేసి నడిపిస్త. ఎవ్వని పని వానిది, పోరా."

నేను ఆయనకి తగిలింది పేట్ బషీరాబాద్‌లో. మాది తెనాలి వైపు. నాన్నగారి బ్యాంకు ఉద్యోగం మమ్మల్ని అక్కడి కొత్త కాలనీకి తెచ్చి పడేసింది. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, దుండిగల్ దగ్గర ఒక కాలేజీ ల్యాబ్‌లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి ఇంటికి వస్తున్నాను. సర్వీసు రోడ్డు మీద బస్సు దిగేసరికి, గుండ్రటి కళ్లేసుకున్న ముసలి కారొకటి ఆగిపోయి ఉంది. దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని ఈయన. చుట్టూ సలహాలిచ్చే జనం. బ్యాటరీ పోయిందని ఒకరు, నెట్టమని ఒకరు. నా నోరు ఊరుకోదు. "ఎర్తు చూశారా అండీ?" అన్నాను. ఆ కాలపు కార్లలో బ్యాటరీ నుంచి కరెంటు తీగలో వెళ్తుంది, వెనక్కి మాత్రం కారు ఇనుము గుండానే రావాలి. ఆ ఇనుముకి, తీగ చివరకి మధ్య రంగో తుప్పో అడ్డుపడితే అన్నీ బాగుండి కూడా ఏదీ పనిచేయదు. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఎవలమ్మా నువ్వు?"

"ఎవరైతే ఏంటండీ. ఆ బోల్టు కింద రంగు గీకి చూడండి."

తాళంచెవితో గీకాడు. కొత్తగా రంగు వేయించిన కారది. బోల్టు బిగించి కారు ముందున్న హ్యాండిల్ తిప్పగానే ఇంజను అందుకుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టలేదు. కారెక్కి, నా వైపు చూడకుండానే, "రేపు పొద్దుగాల అత్వెల్లికి రా. ద్రాక్షతోట పటేల్ అంటే ఎవలన్న జెప్తరు," అని వెళ్లిపోయాడు. పిలిచిన తీరుకి నాకు ఒళ్లు మండింది. అయినా మర్నాడు పొద్దున్నే వెళ్లాను.

వెళ్లేసరికి షెడ్డులో ఒక బల్ల మీద కంసాలి తక్కెడ పెట్టి పిస్టన్లు తూస్తున్నారు. తూస్తున్నది గౌస్ భాయ్. ఇంజను పనంతా ఆయనదే. పాతికేళ్లు లారీ ఇంజన్లతో కుస్తీ పట్టి వచ్చిన మనిషి, మాటల్లో ఎవరికీ లొంగడు. ఒక పిస్టను పళ్లెంలో పెట్టడం, కొంచెం గీకడం, మళ్లీ పెట్టడం. ఇదేం బంగారమా అనుకున్నాను. నా అనుమానం పసిగట్టి నర్సింహారెడ్డి గారు నా చేయి పట్టి లాగినంత పని చేసి, పక్కన నడుస్తున్న మరో కారు మడ్‌గార్డు మీద పెట్టించారు. అరచేయి జిల్లుమంది. దంతాలు కూడా కదిలినట్టయింది. తర్వాత ఇంకో కారు మీద పెట్టించారు. అది నడుస్తోందో లేదో తెలియనంత నెమ్మదిగా ఉంది.

"ఫరకెక్కడుందో ఎర్కనా?" అన్నారు. "మొదటి దాంట్ల నాలుగు పిస్టన్లు నాలుగు తీర్ల బరువున్నయ్. ఒకటి బరువెక్కువైతే పరేషాన్ లేదు బిడ్డా. నాలుగూ బరువైతే గూడ పరేషాన్ లేదు. ఒక్కతీరు లేకపోతేనే ఇంజను వణుకుతది. వణికే ఇంజను మీద నువ్వెంత మంచిగ వైరింగ్ జేసినా ఆర్నెల్లల్ల ఊడిపోతది."

గౌస్ భాయ్ తల ఎత్తకుండా, "ఔర్ వైరింగ్ ఖరాబ్ ఉంటే, నేనెంత మంచిగ తూచినా వణుకుతది. గది గూడ జెప్పు పటేల్ సాబ్," అన్నాడు.

ఆ క్షణంలో నా మనసులోంచి ల్యాబ్ ఉద్యోగం పోయింది. ఇంజను నున్నగా నడవడం, కరెంటు నమ్మకంగా ఉండడం అనేవి రెండు వేర్వేరు పనులని నేను అప్పటిదాకా అనుకున్నాను. ఒకదాని తప్పు ఇంకోదాని మీదికి నెట్టడం ఎంత సులువో, పట్టుకోవడం ఎంత కష్టమో ఆ షెడ్డులోనే తెలిసింది. గౌస్ భాయ్‌కి, నాకు రోజూ అదే తగువు. ఇంజను వణికితే ఆయన నా తీగల వైపు చూసేవాడు, నేను ఆయన పిస్టన్ల వైపు చూసేదాన్ని. నర్సింహారెడ్డి గారు మా ఇద్దరి మధ్య నిలబడి ఒకటే మాట అనేవారు. "ఒక్కటి మార్చుండ్రి. నడిపిండ్రి. చూడుండ్రి. రెండు మార్చినోడు నా షెడ్డుల ఉండొద్దు." రెండు భాగాలు ఒకేసారి మార్చి కారు బాగైతే, దేనివల్ల బాగైందో తెలియదు కదా. ఆ తెలియకపోవడం ఆయనకి చెడ్డ ఇంజను కంటే ఎక్కువ చిరాకు. ఓసారి నేను తొందరలో కండెన్సరు, కాయిలు రెండూ మార్చి కారు కదిలించి సంబరపడుతుంటే, రెండూ పీకించి మళ్లీ చెడగొట్టించారు. చెడిపోయిన కారుని బాగుచేయించినవాళ్లని చూశాను, బాగైనదాన్ని చెడగొట్టించింది ఆయనొక్కడే. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయనకి ఆ సంగతి తెలిసినట్టు కూడా లేదు.

ఇంట్లో మాత్రం రోజూ గొడవే. కాలేజీ వాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు. "ఫ్యాను కింద కూర్చునే ఉద్యోగం కాదని గ్రీజులో చేతులు పెడతావా?" అని నాన్నగారు. నేను మొండికేస్తే చివరికి, దసరా సెలవులయ్యాక కాలేజీ తెరుస్తారు, ఆ లోపల తేల్చుకోమన్నారు. షెడ్డులో నీకంటూ ఒక స్థానం ఉందని నాకు కనపడితే సరే, లేకపోతే దుండిగల్ బస్సెక్కాలి అన్నారు. నాన్నగారు మాట ఇస్తే నిలబెట్టుకుంటారు. మాట తీసుకుంటే కూడా వదలరు.

అదే ఏడు శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లో పాత కార్లు పెట్టుకున్న వెంకట్రావుగారనే ఆయన ఒక కారు తెచ్చారు. మొదటి తరం కార్లలో ఒకటి. పెట్రోలుని మండించే నిప్పురవ్వ దానికి బ్యాటరీతో రాదు. మాగ్నెటో అని ఒక పెట్టె ఉంటుంది, ఇంజను తిరుగుడుతోనే అది కరెంటు పుట్టించుకుంటుంది. ఆ కారు తీగలన్నీ నేనే కొత్తగా అల్లించి వేశాను. గౌస్ భాయ్ పిస్టన్లు తూచి బిగించాడు. దసరాకి ముందే తయారైంది. మడ్‌గార్డు మీద చేయి పెడితే వణుకు తెలియలేదు. నర్సింహారెడ్డి గారు కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు. ఆయన మెచ్చుకోవడమంటే అంతే.

ఆయుధపూజ రోజు ఆయన తలస్నానం చేసి, కొత్త పంచె కట్టి, పళ్లెంలో పసుపు, గంధం, తడిపిన కుంకుమ పెట్టుకుని షెడ్డంతా తిరిగారు. లేత్ మిషనుకి, స్పానర్లకి, కార్లకి అన్నింటికీ స్వయంగా బొట్లు పెట్టారు. వెంకట్రావుగారి కారు ఆయనకి ముద్దుబిడ్డ కాబట్టి బానెట్టు ఎత్తి లోపల ఇంజనుకి కూడా పెట్టారు. గుమ్మడికాయ కొట్టారు. అందరం మిఠాయిలు తిన్నాం.

పండగ వెళ్లాక మొదటి పొద్దున కారు తీస్తే ఇంజను కుంటింది. నాలుగు సిలిండర్లలో మూడే పనిచేస్తున్నాయి. ఎండ ఎక్కేసరికి దానంతటదే సర్దుకుంది. సాయంత్రం నున్నగా ఉంది. మర్నాడు మంచు కురిసిన పొద్దున మళ్లీ కుంటింది. సరిగ్గా ఆ పూటే వెంకట్రావుగారు చూడ్డానికొచ్చారు. వింటూనే మొహం మాడ్చుకున్నారు.

"ఇది వైరింగ్ లోపమేనండీ రెడ్డిగారూ. మీరు చిన్నపిల్ల చేత చేయించానన్నప్పుడే అనుకున్నాను. మొత్తం పీకించి వేరే చోట చేయించుకుంటాను."

నర్సింహారెడ్డి గారు నన్ను వెనకేసుకు రాలేదు. "ఆదివారం పొద్దుగాల రాండ్రి. అప్పటికి గూడ గిట్లనే ఉంటే, తప్పు వైరింగ్‌దైతే, గీ పనికి ఇంకొకలని వెట్టుకుంట," అన్నారు. నా ముందే, అందరి ముందే. కానీ నాకు కోపం రాలేదు. వైరింగ్‌దైతే అన్నారు, గీ పిల్లదైతే అనలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ రాత్రి నిద్రపోయాను. సోమవారం కాలేజీ తెరుస్తారు.

ఆ జబ్బు మంచుపొద్దుల్లోనే కనపడుతుంది కాబట్టి రోజుకి ఒక్క పరీక్షే కుదురుతుంది. చెక్క పిడి స్క్రూడ్రైవరు తీసుకుని, నడుస్తున్న ఇంజనులో ఒక్కో సిలిండరుకి నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గుని ఇనుముకి కలిపి చూశాను. అలా కలిపితే నిప్పురవ్వ ఆగి శబ్దం మారాలి. కలిపినా శబ్దం మారని సిలిండరు ఏదో అదే చచ్చినట్టు. మూడోది. మొదటి రోజు దాని తీగ మార్చాను. మారలేదు. రెండో రోజు మాగ్నెటో లోపల శుభ్రం చేశాను. మారలేదు. గౌస్ భాయ్ ప్లగ్గు ఊడదీసి లోపలి కొస చూశాడు. అద్దంలా ఉంది. "ఇంజను తప్పు కాదు, నీ తప్పు గూడ అయితలేదు. మరి ఎవరి తప్పు?" అని తల గోక్కున్నాడు. అప్పటికి మా ఇద్దరి తగువు మాయమైంది. ఆయన నా పక్షానికి వచ్చేశాడని అర్థమై నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

శనివారం పొద్దున మూడో ప్లగ్గు రెండో చోట, రెండోది మూడో చోట బిగించాను. నడిపాం. ఈసారి రెండో సిలిండరు చచ్చింది. అంటే తప్పు ప్లగ్గుతోపాటు నడిచి వెళ్లింది! తీగలు కావు, మాగ్నెటో కాదు. ఆ ప్లగ్గుని ఊడదీసి చేతిలో పట్టుకుని ఎండలోకి వెళ్లాను. తెల్లటి పింగాణీ. పై కొస నుంచి కింది ఇనుము దాకా సన్నగా దిగిన ఎర్రటి గీత.

నర్సింహారెడ్డి గారు పెట్టిన బొట్టు. మిగతా ప్లగ్గుల మీద బొట్టు బొట్టులాగే ఉంది. దీని మీద మాత్రం కుంకుమ నీళ్లగా ఉండి కిందికి కారింది. పొడిగా ఉన్నంతసేపు ఫర్వాలేదు. పొద్దున మంచు తగిలి తడవగానే నిప్పురవ్వ కావాల్సిన కరెంటు ఆ గీత వెంట జారిపోతోంది. పైగా మాగ్నెటో నెమ్మదిగా తిరిగేటప్పుడు దాని బలమే అంతంత మాత్రం. ఇంజను వేడెక్కి తేమ ఆరాక దారి మూసుకుపోతోంది. ఇన్నిరోజులూ అది మా కళ్ల ముందే ఉంది. నూనె మరకైతే ఎప్పుడో తుడిచేవాళ్లం. బొట్టుని మేమెవరమూ మరకగా చూడలేదు. గౌస్ భాయ్‌కి చూపిస్తే నాలుక కరుచుకున్నాడు. "పూజ జేసింది కదా అని నేను గది తగలకుండనే పట్టుకున్న," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "తుడిచెయ్. రేపు నున్నగ నడుస్తది. పటేల్ సాబ్‌కి చెప్పుడెందుకు?" అన్నాడు.

మంచి సలహానే. తుడిచేస్తే నా ఉద్యోగం నిలుస్తుంది, పెద్దాయన మాట నిలుస్తుంది. కానీ అప్పుడు వెంకట్రావుగారు వైరింగే సరిచేశారనుకుంటారు. నేను వేసిన తీగల్లో తప్పు లేదు. ఆ సంగతి అందరికీ తెలియాలి. వినయం నాకు తర్వాత ఎప్పుడైనా అలవడుతుందేమో కానీ ఆ రోజుకైతే లేదు. ప్లగ్గు అలాగే వదిలేశాను.

ఆదివారం మంచు బాగా పట్టింది. వెంకట్రావుగారు వచ్చారు. గౌస్ భాయ్ హ్యాండిల్ తిప్పాడు. ఇంజను కుంటింది. "చెప్పానా," అన్నారు వెంకట్రావుగారు. నర్సింహారెడ్డి గారు నా వైపు తిరిగారు.

"తప్పు దొరికింది సార్," అన్నాను. "వైరింగ్‌ది కాదు. ఇంజనుది కాదు. మీరు పెట్టిన బొట్టుది."

గౌస్ భాయ్ కావాలని స్పానరు కింద పడేసి దాన్ని వెతకడం మొదలుపెట్టాడు. అత్వెల్లిలో ఆ మనిషితో పూజ మీద అలా మాట్లాడినవాళ్లు లేరు. ఆయన ముఖం ఎర్రబడడం చూశాను. ఇక కాలేజీయే గతి అనుకున్నాను. ఆయన తువ్వాలు భుజం మీంచి తీసి మళ్లీ వేసుకున్నారు.

"చూపియ్యి," అన్నారు.

ఇంజను ఆపించి, పొడిగుడ్డతో ఆ ఒక్క ప్లగ్గు మీది గీత తుడిచాను. ఇంకేదీ ముట్టుకోలేదు. గౌస్ భాయ్ హ్యాండిల్ తిప్పాడు. నాలుగు సిలిండర్లూ అందుకున్నాయి. వెంకట్రావుగారు ఊపిరి వదిలారు. నర్సింహారెడ్డి గారు మాత్రం కదల్లేదు. ఆయన ఎందుకు కదల్లేదో నాకు తెలుసు. మళ్లీ ఆపించాను. దేవుడి పటం ముందున్న కుంకుమ భరిణె తెచ్చి, వేలు తడుపుకుని, అదే చోట పైనుంచి కిందికి గీత గీశాను. ఇంజను తిప్పితే మళ్లీ కుంటింది.

అప్పుడు వచ్చి మడ్‌గార్డు మీద చేయి పెట్టారాయన. వణుకు చేతికి తెలిసేదాకా ఉంచారు. తర్వాత వెంకట్రావుగారి వైపు తిరిగి, ఎప్పటి గొంతుతోనే అన్నారు. "తప్పు నాది. బొట్టు వెట్టింది నేను. గీ పిల్ల వైరింగ్‌ల ఏం తప్పు లేదు. మీకు మంచిగనిపిస్తే మీ మిగిలిన బండ్లు గూడ తెచ్చియ్యుండ్రి, లేకుంటే లేదు." నా వైపు చూసి, "తుడువు బిడ్డా, ఇంజనుకి తక్లీఫైతాంది," అన్నారు. అంతే. మెచ్చుకోలేదు, క్షమాపణ లేదు. ఆ కారులోనే నన్ను కూర్చోబెట్టుకుని శామీర్‌పేట చెరువు కట్ట దాకా ఆగకుండా నడిపించారు. వెనక్కి వస్తూ పేట్ బషీరాబాద్ దాకా తీసుకెళ్లి మా ఇంటి ముందు ఆపి, బయటికొచ్చిన నాన్నగారితో, "మీ బిడ్డ నా షెడ్డుల కరెంటుకి పెద్ద. ఇంకెక్కడికి పంపియ్యకుండ్రి," అన్నారు. నాన్నగారు ఆ కారుని, నన్ను మార్చి మార్చి చూసి, కాఫీ తాగి వెళ్లమన్నారు. సోమవారం దుండిగల్ బస్సు నేను లేకుండానే వెళ్లింది.

ఆ మరుసటి ఏడు ఆయుధపూజకి తమ్ముళ్లు, వాళ్ల పిల్లలు, ఊరి పెద్దలు అందరూ షెడ్డుకి వచ్చారు. ఆయన పూజ మానేస్తారేమో అని నాలో చిన్న దిగులు ఉండేది. మానలేదు. ఎప్పటిలాగే తలస్నానం, కొత్త పంచె, పళ్లెం. లేత్ మిషనుకి పెట్టారు, స్పానర్లకి పెట్టారు. కారు బానెట్టు ఎత్తాక ఆగిపోయారు. కుంకుమలో ముంచిన వేలు గాలిలోనే ఉంది. అంతమందిలో నన్ను పిలిచారు.

"యాడ వెట్టాల్నో చెప్పు బిడ్డా."

రేడియేటరు పైనున్న ఇత్తడి మూత చూపించాను. అక్కడ పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. దగ్గర ఉన్న ఒక తమ్ముడు నవ్వబోయి, అన్న ముఖం చూసి ఊరుకున్నాడు.

ఆయన పోయి కొన్నేళ్లయింది. ద్రాక్ష షెడ్డు ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంట్లు. నా షెడ్డులో పనిచేసేవాళ్లలో ఎవరైనా అప్పుడప్పుడు, "మేడమ్, ఇది మీరు బిగించిందే, తప్పు ఇక్కడే ఉంది," అంటారు. వినగానే నాకు చెవులు వేడెక్కుతాయి. ఇన్నేళ్ల అనుభవం, గోడ మీది ఫొటోలు, బయట బోర్డు మీది పేరు అన్నీ ఒక్కసారిగా నోటి దాకా వస్తాయి. వాటిని మింగుకుని, చేతులు తుడుచుకుని, "చూపించు," అంటాను. ఆ మాట అనడానికి నాకు ఇంకా కాసేపు పడుతుంది. ఆయనకి తువ్వాలు సర్దుకునేంతసేపే పట్టింది.